"మనవాళ్లను వెనక్కి తెచ్చేస్తాం" అనే హామీ: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను వంశధార ఒడ్డున, నరసన్నపేటకు దగ్గర్లో ఒక ఊళ్లో పిల్లలకు సోషల్ చెబుతాను. సాయంత్రాలు మిలట్రీ పెన్షన్ కాగితాలు చూసిపెడతాను. నవంబరు వచ్చిందంటే లైఫ్ సర్టిఫికెట్ల కోసం, మిలట్రీ పెన్షన్ వెబ్‌సైటు స్పర్శ్‌లో పాస్‌వర్డ్ మర్చిపోయామని మా అరుగు మీద నలుగురైదుగురు కూర్చునే ఉంటారు. మా వైపు ఇంటికొకరు కాకపోయినా వీధికొకరు ఆర్మీలోనో నేవీలోనో ఉంటారు. అమెరికాలోనో ఇంకో దేశంలోనో ఎన్నికలొచ్చి ఎవరో నాయకుడు "విదేశాల్లో ఉన్న మన సైనికుల్ని ఇంటికి తెస్తాను" అన్నాడని టీవీలో వస్తే, మర్నాడు అరుగు మీద అదే మాట. అక్కడ మళ్లీ మళ్లీ అడిగినవాటికి ఇక్కడ జవాబులు రాశాను.

మన దగ్గర పార్టీలు రోడ్లు, సాగునీళ్లు, కిడ్నీ ఆసుపత్రి అంటూ హామీలిస్తాయి. విదేశాల్లో సైన్యం హామీ మనకెందుకు?

మనవాళ్లు విదేశాల్లో పోరాడి ప్రాణాలు పోగొట్టుకున్నారు కాబట్టి. 1987 నుంచి 1990 వరకు శ్రీలంకలో ఉన్న శాంతి సేనలో చనిపోయిన భారత సైనికులు సుమారు 1,200 మంది. ఐక్యరాజ్యసమితి శాంతి దళాల్లో ఇప్పటికీ మనవాళ్లు వేలల్లో ఉన్నారు. ఇంకో సంగతి కూడా ఉంది. ఉద్దానం నుంచి గల్ఫ్‌కు వెళ్లే కుర్రాళ్లలో కొందరు అక్కడి సైనిక క్యాంపుల్లో వంటకో, వెల్డింగుకో, ప్లంబింగుకో కుదురుతారు. ఏ దేశం సైన్యం ఉంటుందో, ఏది వెళ్లిపోతుందో అన్నదాని మీద వాళ్ల కూలి కూడా ఆధారపడి ఉంటుంది.

"వెనక్కి తెస్తాం" అంటే అందర్నీనా?

దాదాపు ఎప్పుడూ కాదు. ఈ హామీలో మొదట చూడాల్సిన మాట ఇదే.

నాయకుడు "సైన్యం" అన్నప్పుడు వినేవాడికి యూనిఫాం వేసుకున్న ప్రతి మనిషీ గుర్తొస్తాడు. కాగితం మీద మాత్రం "పోరాట దళాలు" అని ఉంటుంది. బరాక్ ఒబామా 2008 ఎన్నికల్లో ఇరాక్ నుంచి పోరాట దళాల్ని 16 నెలల్లో తెస్తానన్నాడు. గెలిచాక 2009 ఫిబ్రవరిలో దాన్ని 2010 ఆగస్టు 31 అన్నాడు, అంటే 19 నెలలయింది. ఆ తేదీకి పోరాటం ముగిసిందని ప్రకటించారు, నిజమే. కానీ ఆ రోజున ఇరాక్‌లో ఇంకా 50 వేల మంది అమెరికా సైనికులున్నారు. వాళ్లు శిక్షణ ఇచ్చేవాళ్లు, సలహా ఇచ్చేవాళ్లు అని పేరు మారింది. వాళ్ల చేతుల్లో తుపాకులు అవే.

ఇక కాంట్రాక్టర్లను లెక్కలోకే తీసుకోరు. 2021 జనవరి నాటికి అఫ్గానిస్తాన్‌లో అమెరికా సైనికులు 2,500 మంది. అదే సమయంలో అమెరికా రక్షణ శాఖ తరఫున అక్కడ పనిచేస్తున్న కాంట్రాక్టు మనుషులు సుమారు 18,000 మంది. వాళ్లలో రకరకాల దేశాలవాళ్లున్నారు. "సైన్యం తగ్గిపోయింది" అన్న వార్తలో ఆ 18,000 మంది ఎక్కడా కనబడరు.

మన పక్కనే ఉన్న మాల్దీవుల సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. 2023లో మహమ్మద్ ముయిజ్జు "ఇండియా అవుట్" నినాదంతో గెలిచాడు. అక్కడున్న భారత సైనికులు మహా అయితే 80 మంది చిల్లర. రెండు హెలికాప్టర్లు, ఒక డోర్నియర్ విమానం, వాటిని నడిపేవాళ్లు, చూసుకునేవాళ్లు. రోగుల్ని దీవి నుంచి దీవికి చేర్చడం వాళ్ల ముఖ్యమైన పని. 2024 మే 10 గడువు పెట్టాడు, ఆ గడువులోపే సైనికులు వచ్చేశారు. హెలికాప్టర్లు మాత్రం అక్కడే ఉన్నాయి. యూనిఫాం వాళ్ల స్థానంలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సివిలియన్ సిబ్బంది వెళ్లారు. అతని మాట నిలబడింది, మన విమానాలూ నిలబడ్డాయి. దీన్ని నేను మోసం అనను. ఇద్దరికీ పరువు దక్కేలా కుదిరిన ఏర్పాటు అది. హామీలో "సైనికులు" అన్న ఒక్క పదం ఎంత పని చేసిందో చూడండి.

1989లో శ్రీలంక నుంచి మనవాళ్లు "జులై 29 లోపల వచ్చేస్తారు" అన్నారట. మరి ఎందుకు రాలేదు?

ఈ ప్రశ్నకు జవాబు నేను ఇంట్లోనే చూశాను.

1987 జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. తమిళ మిలిటెంట్ల ఆయుధాల అప్పగింపు చూసి రావడానికి మన సైన్యం వెళ్లింది. అక్టోబరుకల్లా ఆ మిలిటెంట్లలో పెద్ద సంస్థ అయిన ఎల్‌టీటీఈతోనే యుద్ధం మొదలైపోయింది. ఒక దశలో 70 వేలకు పైగా మనవాళ్లు అక్కడున్నారు. మా చిన్నాన్న ట్రింకోమలీ వైపు ఉండేవాడు. ఉత్తరాల మీద ఊరి పేరు ఉండదు, "56 ఎ.పి.ఓ." అని ఆర్మీ పోస్టాఫీసు నంబరు మాత్రమే ఉంటుంది. నీలం ఇన్‌లాండ్ కవరు, లోపల చెమటకు అలుక్కుపోయిన అక్షరాలు. అది మాకు చేరేసరికి మూడు వారాల పాతదయ్యేది.

1989 జనవరిలో అధ్యక్షుడైన ప్రేమదాస, భారత సైన్యాన్ని పంపించేస్తానని తన జనానికి మాటిచ్చిన మనిషి. జూన్ 1న బహిరంగంగా గడువు పెట్టాడు: జులై 29 లోపల భారత సైన్యం వెళ్లిపోవాలి. ఆ మాట రేడియో వార్తల్లో విన్నది మా నాయనమ్మ. ఆవిడకు ప్రేమదాస ఎవరో, ఒప్పందం ఏమిటో తెలీదు. తేదీ తెలిసింది. గోడ క్యాలెండరులో ఆ గడి చుట్టూ బొగ్గుతో గీసింది. జులై నెల చివర్లో జంతికలు వండి, మూత బిగుతుగా ఉండే పెద్ద డబ్బాలో పోసి, అటక మీద పెట్టించింది.

జులై 29న నిజంగానే సైన్యం బయల్దేరింది. 600 మంది. అప్పటికి అక్కడున్నది సుమారు 45 వేలు. తేదీని గౌరవించామని ప్రేమదాసకు చూపించడానికి ఆ 600 మంది, మేం ఒత్తిడికి లొంగి పారిపోవట్లేదని చూపించడానికి మిగతావాళ్లు. రెండు ప్రభుత్వాలకూ అది సరిపోయింది. మా నాయనమ్మ మాత్రం రెండు రోజులపాటు వచ్చిపోయేవాళ్లందర్నీ ఒకటే అడిగింది: "ఆరొందలమందిలో మావోడు లేడేటి?"

మరి ఎప్పుడొచ్చారు? ఆ ఘనత ఎవరిది?

సెప్టెంబరులో రెండు ప్రభుత్వాలూ ఇంకో అంగీకారానికి వచ్చి ఏడాది చివరిని లక్ష్యంగా పెట్టుకున్నాయి. నవంబరులో ఇక్కడ లోక్‌సభ ఎన్నికలొచ్చాయి. రాజీవ్ ఓడాడు. ఎన్.టి.రామారావు చైర్మన్‌గా ఉన్న నేషనల్ ఫ్రంట్ తరఫున వి.పి.సింగ్ ప్రధాని అయ్యాడు, ఆ ప్రభుత్వం పని ముగించింది. చివరి ఓడ ట్రింకోమలీ నుంచి 1990 మార్చి 24న బయల్దేరింది.

ఘనత ఎవరిదంటే నేను ఒకరికే ఇవ్వను. బయల్దేరడం రాజీవ్ హయాంలోనే మొదలైంది. గడువు పెట్టినవాడు ప్రేమదాస. మిగిలినవాళ్లను తెచ్చి పని పూర్తి చేసింది వి.పి.సింగ్. పాత ప్రభుత్వం పంపిన సైన్యాన్ని కొత్త ప్రభుత్వం తేవడం తేలిక, "ఆ తప్పు మాది కాదు" అనొచ్చు. తను పంపిన సైన్యాన్ని తానే తేవాలంటే "పొరబడ్డాం" అని ఒప్పుకోవాలి. ప్రపంచం మొత్తం మీద ఈ విషయంలో మాట నిలబెట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది కొత్తగా గెలిచినవాళ్లే.

మద్రాసులో ఆ సైనికులు దిగినప్పుడు స్వాగతానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. తమిళుల మీద ఆ సైన్యం చేసినదానికి నిరసనగా వెళ్లలేదని అందరికీ తెలుసు. రాజకీయంగా ఆయన కారణాలు ఆయనకున్నాయి. జాఫ్నాలో మామూలు జనం ఎంత నష్టపోయారో తర్వాత చదివి తెలుసుకున్నాను, ఆ బాధ అబద్ధం కాదు. కానీ పంపినవాళ్ల నిర్ణయానికి జవాబుదారీ వెళ్లిన జవాను కాదు. ఆ రోజు ఓడ దిగినవాళ్లకు ఒక దండ వేసి ఉండాల్సిందని ఇప్పటికీ అనుకుంటాను.

ఇచ్చిన మాట ప్రకారం వెంటనే తెచ్చేసినవాళ్లు అసలు ఉన్నారా?

ఉన్నారు. స్పెయిన్‌లో జపాతెరో 2004 మార్చి 14న గెలిచాడు. అంతకు మూడు రోజుల ముందే మాడ్రిడ్ రైళ్లలో బాంబులు పేలి 190 మందికి పైగా చనిపోయారు. ఇరాక్ బాధ్యత జూన్ 30 లోపల ఐక్యరాజ్యసమితి తీసుకోకపోతే తమ 1,300 మందిని తెచ్చేస్తానని ఆయన ముందు నుంచే చెబుతున్నాడు. ప్రమాణం చేసిన మర్నాడే, ఏప్రిల్ 18న, జూన్ దాకా ఆగకుండా ఆదేశం ఇచ్చాడు. మే నెలలో పని అయిపోయింది. బాంబులకు భయపడ్డాడని విమర్శించినవాళ్లున్నారు. కానీ ఆ హామీ బాంబుల కంటే ముందుది. పైగా అఫ్గానిస్తాన్‌లో తమ సైన్యాన్ని తీయలేదు.

ఆస్ట్రేలియాలో కెవిన్ రడ్ 2007 నవంబరులో గెలిచి, 2008 జూన్‌కల్లా ఇరాక్ నుంచి పోరాట దళాన్ని తీసుకొచ్చాడు. నెదర్లాండ్స్‌లో అయితే 2010 ఫిబ్రవరిలో అఫ్గానిస్తాన్‌లో ఉండాలా వద్దా అన్న గొడవలో ప్రభుత్వమే పడిపోయింది, ఆగస్టులో సైన్యం వచ్చేసింది.

వీటన్నిట్లో సైన్యం చిన్నది. యుద్ధానికి యజమాని వేరే దేశం. పెద్దవాడి పొలంలో కూలికి వెళ్లినవాడు సాయంత్రానికి తిరిగొచ్చేస్తాడు. పొలం తనదైనవాడు అలా రాలేడు.

యుద్ధంలోకి దిగనని చెప్పి దిగినవాళ్లు?

అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్. 1964 అక్టోబరు ఎన్నికల సభల్లో, ఆసియా కుర్రాళ్లు చేసుకోవాల్సిన పనికి అమెరికా కుర్రాళ్లను తొమ్మిది పది వేల మైళ్లు పంపబోమన్నాడు. భారీ మెజారిటీతో గెలిచాడు. 1965 మార్చిలో డానాంగ్‌లో మెరీన్లు దిగారు. ఆ ఏడాది చివరికి వియత్నాంలో అమెరికన్లు 1,84,000 మంది.

నిక్సన్ యుద్ధం ఆపుతానని గెలిచి ఆపాడు కదా?

ఆపాడు, నాలుగేళ్ల తర్వాత.

1968లో గెలిచాడు. అమెరికా అధ్యక్షుడిగా పదవిలోకి వచ్చిన కొత్తలో వియత్నాంలో అమెరికా సైనికులు 5,40,000 మందికి పైగా ఉన్నారు. 1969 జూన్‌లో మొదటి విడత 25 వేల మందిని తెస్తున్నట్టు ప్రకటించాడు. అక్కడి నుంచి విడతలు విడతలుగా తగ్గిస్తూ పోయాడు, పోరాటం భారం దక్షిణ వియత్నాం సైన్యం మీదకు మారుస్తూ, మరోపక్క కంబోడియాలోకి కూడా వెళుతూ. పారిస్ ఒప్పందం 1973 జనవరి 27న. చివరి పోరాట దళాలు మార్చి 29న బయల్దేరాయి. ఆ యుద్ధంలో చనిపోయిన 58 వేల పైచిలుకు అమెరికన్లలో 20 వేలకు పైగా ఆయన పదవిలోకి వచ్చాక చనిపోయినవాళ్లే. వియత్నాం జనం లెక్క లక్షల్లో ఉంటుంది.

నా క్లాసులో ఈ పాఠం వచ్చినప్పుడు ఒక పిల్ల అడిగింది: "సార్, ఎలాగూ వచ్చేయాలని తెల్సినప్పుడు ఆ ఇరవై వేలమంది ఎందుకు చచ్చిపోయినారు?" నాకు జవాబు రాలేదు. చరిత్రకారులు "గౌరవప్రదమైన శాంతి" కోసం అని ఆయన మాటే రాస్తారు. ఒప్పందం జరిగిన రెండేళ్లకు, 1975 ఏప్రిల్ 30న, దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పడిపోయింది.

గెలిచాక మాట ఎందుకు మారిపోతుంది? ముందే అబద్ధమాడారా?

కొందరు ఆడతారు. కానీ అబద్ధం ఒక్కటే కారణమైతే పని తేలికయ్యేది, అబద్ధీకుణ్ణి ఓడిస్తే సరిపోయేది.

పదవిలోకి రాగానే నాయకుడి బల్ల మీదకు సేనాధిపతుల కాగితాలొస్తాయి. ఇంకో ఆరు నెలలిస్తే గెలుస్తామని, ఇప్పుడు వస్తే ఇంతవరకు పోయిన ప్రాణాలు వృథా అని. బోరు వేసిన రైతు కూడా ఇలాగే అనుకుంటాడు: రెండొందల అడుగులు వేశాం, నీళ్లు పడలేదు, ఇంకో యాభై అడుగులు వేద్దాం. అక్కడ పోయేది డబ్బు, ఇక్కడ పోయేది మనుషులు. ఆ పైన మిత్రదేశాల ఒత్తిడి, అక్కడ మనల్ని నమ్ముకున్న ప్రభుత్వం కూలిపోతుందన్న భయం. అన్నిటికన్నా పెద్ద భయం ఇంకొకటి: వచ్చేసిన మర్నాడు ఘోరం జరిగితే టీవీలో ఆ బొమ్మలకు కింద తన పేరు ఉంటుంది. ఉండిపోతే రోజుకొకడు చనిపోవచ్చు, కానీ ఆ వార్త లోపలి పేజీల్లో వస్తుంది.

2018 డిసెంబరు 19న డొనాల్డ్ ట్రంప్ సిరియా నుంచి సుమారు 2,000 మందిని తెచ్చేస్తున్నట్టు ప్రకటించాడు. మర్నాడే రక్షణ మంత్రి మాటిస్ రాజీనామా ఇచ్చాడు. 2019 అక్టోబరులో మళ్లీ ప్రకటన. తర్వాత ఏళ్ల తరబడి అక్కడ 900 మంది ఉంటూనే వచ్చారు.

పనిగా చూసినా ఇది చిన్నది కాదు. ట్యాంకులు, బండ్లు, మందుగుండు, ఆసుపత్రి సామాన్లు ఏవి తేవాలి, ఏవి అక్కడివాళ్లకు ఇవ్వాలి, ఏవి ధ్వంసం చేయాలి. చివరిదాకా ఎయిర్‌పోర్టును ఎవరు కాపలా కాయాలి. సైన్యం తగ్గే కొద్దీ మిగిలినవాళ్లకు ప్రమాదం పెరుగుతుంది. చిన్నాన్న చెప్పేవాడు: "ముందెల్లినోడికి పండగ. ఆఖర్న మిగిలినోడికి నిద్దరుండదు."

తేదీ ముందే ప్రకటించడం మంచిదా కాదా?

రెండు వైపులా నిజముంది. తేదీ చెబితే శత్రువు కాచుక్కూర్చుంటాడు. చెప్పకపోతే నాయకుడు కాలం గడిపేస్తాడు.

ఒబామా 2009 డిసెంబరులో అఫ్గానిస్తాన్‌కు 30 వేల మందిని అదనంగా పంపుతూ, అదే ప్రసంగంలో 2011 జులై నుంచి తగ్గిస్తానన్నాడు. పెంచడం, తగ్గించడం ఒకే ఊపిరిలో. 2014 చివర్లో పోరాటం ముగిసిందన్నారు, సైన్యం మాత్రం ఉండిపోయింది. 2020 ఫిబ్రవరి 29న దోహాలో ట్రంప్ ప్రభుత్వం తాలిబాన్‌తో ఒప్పందం చేసుకుంది, 14 నెలల్లో వెళ్లిపోతామని. కాబూల్ ప్రభుత్వాన్ని ఆ ఒప్పందంలో భాగస్వామిగా కూర్చోబెట్టలేదు. నా దృష్టిలో అసలు తప్పు అక్కడ ఉంది. ఇంటివాడు లేకుండా ఇంటి పంపకం జరిగిపోయింది. బైడెన్ 2021 ఏప్రిల్ 14న సెప్టెంబరు 11 అన్నాడు, తర్వాత దాన్ని ఆగస్టు 31కి జరిపాడు. ఆగస్టు 15న కాబూల్ తాలిబాన్ చేతికొచ్చింది. 26న ఎయిర్‌పోర్టు గేటు దగ్గర బాంబు పేలి 13 మంది అమెరికా సైనికులు, సుమారు 170 మంది అఫ్గాన్లు చనిపోయారు. చివరి విమానం 30వ తేదీ అర్ధరాత్రికి ముందు లేచింది.

మాట నిలబెట్టుకున్నారా అంటే నిలబెట్టుకున్నారు. ఎలా నిలబెట్టుకున్నారన్నది హామీలో ఎప్పుడూ ఉండదు.

అక్కడ మనవాళ్లకు సాయం చేసిన స్థానికుల సంగతేమిటి?

దీన్ని అడిగేవాళ్లు తక్కువ. ఎక్కువమంది అడగాలని నా కోరిక.

కాబూల్ నుంచి ఆ రెండు వారాల్లో 1,20,000 మందికి పైగా జనాన్ని విమానాల్లో తరలించారు. అయినా దుబాసీలుగా, డ్రైవర్లుగా పనిచేసినవాళ్లెందరో వెనకే మిగిలిపోయారు. శ్రీలంకలోనూ అదే జరిగింది. మన సైన్యం అండతో ఈశాన్య ప్రాంతానికి ముఖ్యమంత్రి అయిన వరదరాజ పెరుమాళ్, సైన్యం ఖాళీ చేస్తున్న 1990 మార్చిలో దేశం వదిలి ఇండియాకు వచ్చేశాడు. ఆయన పార్టీ నాయకుడు పద్మనాభను అదే ఏడాది జూన్‌లో మద్రాసులో కాల్చి చంపారు. ఆ జూన్‌లోనే శ్రీలంకలో మళ్లీ యుద్ధం మొదలైంది, అది 2009 మే దాకా సాగింది. మనవాళ్లు ఇంటికి రావడం, అక్కడ యుద్ధం ముగియడం రెండూ ఒకటి కాదు.

యుద్ధం ముగిసినా సైన్యం రాకపోవడం కూడా ఉంటుందా?

ఉంటుంది. 1952 అక్టోబరులో అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న ఐసెన్‌హోవర్ "నేను కొరియా వెళతాను" అని చెప్పి గెలిచాడు, డిసెంబరులో వెళ్లాడు కూడా. 1953 జులై 27న కాల్పుల విరమణ కుదిరింది. ఖైదీల విషయం తేల్చే తటస్థ దేశాల సంఘానికి మన జనరల్ తిమ్మయ్య అధ్యక్షుడు, ఆ ఖైదీల కాపలాకు మన సైన్యం వెళ్లి 1954లో పని ముగించుకుని తిరిగొచ్చింది. అమెరికా సైన్యం డెబ్బై ఏళ్లు దాటినా ఇంకా అక్కడే ఉంది, ఇప్పుడు 28 వేల మందికి పైగా.

తొందరగా, గొడవ లేకుండా వచ్చేసిన ఉదాహరణ మనకుందా?

బంగ్లాదేశ్. 1971 డిసెంబరు 16న పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది, 1972 మార్చిలో మన సైన్యం తిరిగొచ్చేసింది. పని ఏమిటో ముందే స్పష్టంగా ఉంది, అది పూర్తయింది, ఆ దేశ నాయకుడు ముజిబుర్ రెహమాన్ వెళ్లిపొమ్మన్నాడు, ఇందిర ఒప్పుకుంది. ఈ నాలుగూ ఒకేసారి కుదరడం చాలా అరుదు.

మన దేశంలో సైన్యాన్ని విదేశానికి పంపాలన్నా, తేవాలన్నా ఎవరు నిర్ణయిస్తారు? మన ఎంపీకి చెబితే అవుతుందా?

కేంద్ర మంత్రివర్గం నిర్ణయిస్తుంది. సర్వసైన్యాధిపత్యం రాష్ట్రపతిది, కానీ మంత్రివర్గం సలహా ప్రకారమే. పార్లమెంటు ఓటు తప్పనిసరి కాదు. ఎమ్మెల్యేకు, రాష్ట్ర ప్రభుత్వానికి ఇందులో ఏ అధికారం లేదు. అందుకే అసెంబ్లీ ఎన్నికల సభలో ఎవరైనా సైన్యం గురించి హామీ ఇస్తే చేతకాని మాట ఇస్తున్నారని అర్థం.

అలాగని ఎంపీ మాటకు విలువ లేదనుకోకండి. 2003లో ఇరాక్‌కు ఒక డివిజన్ సైన్యాన్ని పంపమని అమెరికా మనల్ని అడిగింది. వాజ్‌పేయి ప్రభుత్వంలోనే పంపుదామన్నవాళ్లు ఉన్నారు. కానీ ఏప్రిల్‌లో పార్లమెంటు ఆ యుద్ధాన్ని ఖండిస్తూ తీర్మానం చేసి ఉంది, ప్రతిపక్షాలు ఒప్పుకోలేదు. జులై 14న ప్రభుత్వం సైన్యాన్ని పంపేది లేదని చెప్పేసింది. వెనక్కి తెస్తామనే హామీ అక్కర్లేకుండా పోయిన సందర్భం అది. ఆ రోజు ఎంతమంది తల్లులు బతికిపోయారో ఎవరూ లెక్క వేయలేదు, వేయలేరు కూడా.

అమెరికాలో 1973 నాటి చట్టం ఒకటుంది, కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) అనుమతి లేని పోరాటం 60 రోజులకు, తప్పనిసరైతే మరో 30 రోజులకు మించకూడదని. అధ్యక్షులు దాన్ని రకరకాలుగా దాటుకుంటూ వచ్చారు.

మా అబ్బాయి లెబనాన్‌లో యూఎన్ డ్యూటీలో ఉన్నాడు. వాణ్ణి తెచ్చేస్తామని ఎవరైనా మాట ఇవ్వగలరా?

మన ప్రభుత్వం తలుచుకుంటే తన బెటాలియన్‌ను తెచ్చుకోవచ్చు, సైన్యాన్ని ఇవ్వడం మన ఇష్టం. మిషన్ ఎంతకాలం ఉండాలన్నది మాత్రం భద్రతా మండలి నిర్ణయిస్తుంది. లెబనాన్ మిషన్‌ను 2026 డిసెంబరు 31 వరకే పొడిగించి, ఆ తర్వాత ఏడాదిలోపల ఖాళీ చేయాలని 2025 ఆగస్టులో తీర్మానించారు. మామూలుగా ఒక బెటాలియన్ తన వంతు పూర్తి చేసుకుని రాగానే వేరే బెటాలియన్ వెళుతుంది. కాబట్టి మీ అబ్బాయి రావడానికి మిషన్ ముగియాల్సిన పనిలేదు.

అక్కడ ఉన్నవాడికి ఓటు ఉంటుందా?

ఉంటుంది. సర్వీస్ ఓటరుగా ఫారం 2 నింపి సొంత ఊరి జాబితాలో చేరాలి. బ్యాలెట్ ఆన్‌లైన్‌లో వస్తుంది, ప్రింటు తీసి గుర్తుపెట్టి పోస్టులో పంపాలి. కావాలంటే ఫారం 13ఎఫ్ ద్వారా ఊళ్లో ఒకరిని ప్రాక్సీగా, అంటే తన బదులు ఓటు వేసే మనిషిగా, పెట్టుకోవచ్చు. పంపే నిర్ణయం మీద వెళ్లేవాడికి ఉన్న హక్కు ఇదొక్కటే, వదులుకోవద్దు.

మేనిఫెస్టోలో రాసి చేయకపోతే కోర్టుకు వెళ్లొచ్చా?

వెళ్లినా నిలబడదు. మేనిఫెస్టోలోని వాగ్దానాలు ఎన్నికల చట్టం కింద అవినీతి చర్య కావని 2013లో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తర్వాత ఎన్నికల సంఘం ప్రవర్తనా నియమావళిలో మేనిఫెస్టోల గురించి కొన్ని సూచనలు చేర్చింది, అంతే.

ప్రచారంలో సైనికుల ఫొటోలు వాడొచ్చా?

వద్దని ఎన్నికల సంఘం 2013లో చెప్పింది, 2019 మార్చిలో మళ్లీ చెప్పింది. మీ పిల్లాడి యూనిఫాం ఫొటో ఎవరైనా ఫ్లెక్సీలో వేస్తే తీయించండి. ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నా అది తప్పే.

"సైన్యాన్ని వెనక్కి రప్పించండి" అని అడిగితే దేశభక్తి లేదంటారేమో?

అంటారు. మా నాయనమ్మను కూడా ఒకాయన అన్నాడు, "దేశం కోసం పోయినవాడి గురించి ఇలా ఏడవకూడదు" అని. ఆవిడ ఆయన్ని ఏమీ అనలేదు, లోపలికెళ్లి తలుపు వేసుకుంది. సైనికుడు ఎందుకు అక్కడున్నాడు, ఎప్పటిదాకా ఉంటాడు అని అడగడం వాణ్ణి అవమానించడం కాదు. అడిగేవాళ్లు లేనప్పుడే వాడు నిజంగా ఒంటరివాడవుతాడు.

సరే, ఇలాంటి హామీ విన్నప్పుడు మేం ఏం అడగాలి?

ఎంతమందిని అని మొదట అడగండి, ఎంతమంది ఉండిపోతారో చెప్పమనండి. "పరిస్థితులు కుదుటపడ్డాక" అంటే కుదుటపడ్డాయని చెప్పేది ఎవరో అడగండి. ఆ జవాబు సేనాధిపతో, పరాయి ప్రభుత్వమో అయితే తాళం చెవి నాయకుడి దగ్గర లేదన్నమాట. ఇంటికి తెస్తారా, పక్క దేశంలో క్యాంపుకు మారుస్తారా? సరిహద్దు దాటి నూరు మైళ్లు జరిపినా "బయటికొచ్చాం" అనే అంటారు. 2011 డిసెంబరు 18న ఇరాక్ దాటిన చివరి అమెరికా కాన్వాయ్ వెళ్లింది పక్కనున్న కువైట్‌కు. 2014లో అక్కడి మోసుల్ నగరం ఐసిస్ చేతికి పోయాక అమెరికా సైన్యం మళ్లీ ఇరాక్‌లోకే వచ్చింది. శంకుస్థాపన రాయి చూసి పోర్టు వచ్చేసిందని మనం అనుకోం కదా, ఇదీ అలాగే చూడాలి.

వాట్సాప్‌లో "ఫలానా యూనిట్ ఫలానా రోజు వచ్చేస్తోంది" అని వస్తే నమ్మొచ్చా?

నమ్మొద్దు, నిజమైనా ఇంకొకరికి పంపొద్దు. యూనిట్ ఎప్పుడు ఎటు కదులుతుందో బయటపడితే దారిలో ఉన్నవాళ్లకు ముప్పు.

మరి వచ్చేస్తున్నాడని ఖాయంగా ఎప్పుడనుకోవాలి?

విదేశం నుంచి యూనిట్ బయల్దేరిందంటే మనిషి ఇంటికి బయల్దేరినట్టు కాదు. ముందు ఇక్కడి కంటోన్మెంట్‌కు చేరాలి, ఆయుధాలు, సామాన్లు లెక్క అప్పగించాలి, తర్వాత విడతల వారీగా సెలవులిస్తారు. చివరి ఓడ మార్చి 24న బయల్దేరితే మా చిన్నాన్న మే నెల రెండో వారంలో ఆముదాలవలసలో శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగాడు. నల్ల ట్రంకు పెట్టె, దాని మీద తెల్ల రంగుతో నంబరు. నేనూ నాన్నా వెళ్లాం. ఇంటికొచ్చాక నాయనమ్మ అటక మీది డబ్బా దింపించింది. జులైలో వండినవి ఎప్పుడో పాడైపోతే పారబోసి, దసరాకోసారి, సంక్రాంతికోసారి మళ్లీ వండి పోసిందట. ఈసారివి ఉగాదివి. అవీ మెత్తబడ్డాయి. చిన్నాన్న అలాగే తిన్నాడు.